పాత డ్యాన్స్ పాప్ పాటకు డీజే ఎడిట్: నడిమి భాగం పాతదే, అడుగూ అంచులూ కొత్తవి

1980ల నాటి డ్యాన్స్ పాప్ పాటను నేటి హౌస్ ట్రాక్‌ల (ప్రతి బీటుకూ కిక్ డ్రమ్ మోగే క్లబ్ పాటల) మధ్య ఉన్నదున్నట్టు వేస్తే మూడు చోట్ల తేడా కొడుతుంది. బీటు నేటి ట్రాక్‌లతో కచ్చితంగా కలవదు. అడుగున బలం ఉండదు. ఇక మొదట్లోనూ చివర్లోనూ డీజేకి పట్టు దొరకదు: నాలుగు బార్లు (నాలుగేసి బీట్ల గుంపులు) గడవకముందే గొంతు అందుకుంటుంది, చివరికొచ్చేసరికి పాట మెల్లగా సన్నగిల్లి మాయమవుతుంది. అయితే జనం ఆ పాటను గుర్తుపట్టేది ఈ మూడింటి వల్ల కాదు. గొంతు, సింథ్ (సింథసైజర్) పలుకు, స్నేర్ డ్రమ్ దెబ్బ వల్ల గుర్తుపడతారు. అందుకే డీజే ఎడిట్, అంటే పాత పాటను సెట్‌లో వేయడానికి వీలుగా మార్చే ఈ పనిలో, చాలామంది చేసే తప్పు అన్నీ మార్చేయడం. సుమారు 110 హెర్ట్జ్‌కి కిందిది, ఇంట్రో (ఆరంభ భాగం), అవుట్రో (ముగింపు భాగం), గ్రిడ్ (బీట్లు సమదూరంలో పడే గీతలు) కొత్తగా కట్టండి. మిగతాదాన్ని వీలైనంత ముట్టుకోకండి.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1970ల్లో న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్, వాల్టర్ గిబ్బన్స్ లాంటివారు టేపు కోసి అతికించి, మూడు నిమిషాల రేడియో పాటలను 12 అంగుళాల రికార్డుల కోసం సాగదీసింది ఇదే ఉద్దేశంతో. ఇప్పుడు బ్లేడు బదులు మౌస్ ఉంది, అంతే.

కింది కొలతలన్నీ ఒకే ఉదాహరణ మీద నడుస్తాయి: 118 బీపీఎం (నిమిషానికి బీట్లు), ఏ మైనర్ శ్రుతి, బార్‌కు నాలుగు బీట్ల 4/4 పాట. దాన్ని 125 బీపీఎంకి తేవాలి.

సోర్స్ ఫైల్: సగం పని ఇక్కడే

ముందు ఆ పాటకు అప్పట్లో వచ్చిన 12 అంగుళాల వెర్షన్ ఉందేమో వెతకండి. డ్రమ్స్ ఒక్కటే మోగే చోటు, గొంతు లేని బార్లు, విడి బేస్‌లైన్ అందులో దొరికే అవకాశం ఎక్కువ. రెండో వైపు ఇన్‌స్ట్రుమెంటల్ (గొంతు లేనిది) లేదా డబ్ (గొంతు చాలావరకు తీసేసిన వెర్షన్) ఉంటే మరీ మంచిది. సాఫ్ట్‌వేర్ విడదీసిన స్టెమ్ (గొంతు, డ్రమ్స్ లాంటి ఒక్కో పొర) ఎంత బాగున్నా, అసలు మిక్స్‌లో ఒంటరిగా మోగిన డ్రమ్ బార్‌కు సాటి రాదు.

ఒకే పాటకు పాత సీడీ, తర్వాతి కాలపు రీమాస్టర్ రెండూ ఉంటే సాధారణంగా పాతదే తీసుకోండి. 1990ల మధ్య నుంచి వచ్చిన రీమాస్టర్లలో చాలావాటిని లిమిటర్‌తో, అంటే శిఖరాలను అణిచి మొత్తాన్ని గట్టిగా చేసే సాధనంతో, నొక్కేశారు. ఒకసారి నొక్కినదాన్ని మీరు మళ్లీ నొక్కితే స్నేర్ చదునైపోతుంది, గొంతు చుట్టూ కరకరలాడుతుంది. పాత సీడీతో ఒక చిక్కుంది. తొలి తరం సీడీల్లో కొన్ని ప్రీ-ఎంఫసిస్‌తో (పై ధ్వనులను కావాలని పెంచి) తయారయ్యాయి. దాన్ని సరిచేయకుండా రిప్ చేస్తే (సీడీ నుంచి ఫైలుగా తీస్తే) పాట పల్చగా, చెవిలో గుచ్చుకునేలా వినిపిస్తుంది. ఈక్యూతో (ఒక్కో ఫ్రీక్వెన్సీ బలం మార్చే సాధనంతో) పోరాడే ముందు రిప్పింగ్ సాఫ్ట్‌వేర్‌లో డీ-ఎంఫసిస్ వేసి చూడండి.

వీడియో సైట్ల నుంచి దింపిన ఫైలు వద్దు. స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతే అది తక్కువ బిట్‌రేట్ ఫైలు. పైకి వేవ్ (కుదించని ఫైలు) అని పేరు పెట్టుకున్నా లాభం లేదు. వినైల్ నుంచి ఎక్కిస్తుంటే 25 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ (కింది ధ్వనులు కోసే ఫిల్టర్) పెట్టి రంబుల్ (టర్న్‌టేబుల్ గుర్రు) తీసేయండి. రికార్డు నడిమి రంధ్రం కాస్త పక్కకు ఉంటే శ్రుతి ఊగుతుంది. 33⅓ రికార్డుకు ఒక చుట్టు 1.8 సెకన్లు కాబట్టి ఊగు కూడా ప్రతి 1.8 సెకన్లకు ఒకసారి వస్తుంది. దాన్ని వార్ప్ మార్కర్లతో (పాటను గ్రిడ్‌కు కట్టే గుర్తులతో) సరిచేయలేరు. వేరే కాపీ వెతుక్కోవడమే మార్గం.

స్టెమ్‌లు: వేగం మార్చకముందే

డీమక్స్ లాంటి ఏఐ మోడల్ పాటను డ్రమ్స్, బేస్, గొంతు, మిగతావి అని నాలుగుగా విడదీస్తుంది. అల్టిమేట్ వోకల్ రిమూవర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇదీ, ఇంకొన్ని మోడళ్లూ దొరుకుతాయి. విడదీయడం ఎప్పుడూ అసలు వేగంలో, అసలు శ్రుతిలో ఉన్న లాస్‌లెస్ (నాణ్యత తగ్గని) ఫైలు మీదే చేయండి. ముందు స్ట్రెచ్ చేసి (సాగదీసి లేదా కుదించి) తర్వాత విడదీస్తే, స్ట్రెచింగ్ మిగిల్చిన మరకలను మోడల్ హై-హాట్‌లనుకుని (డ్రమ్ సెట్ జంట తాళాలనుకుని) డ్రమ్స్‌లో పడేస్తుంది.

స్టెమ్‌లు రాగానే నాలుగింటినీ కలిపి, అసలు ఫైలు పొలారిటీ (అల పైకిందులు) తిప్పి పక్కన పెట్టి ఒకేసారి వినండి. దాదాపు నిశ్శబ్దం రావాలి. ఏదైనా గట్టిగా మిగిలితే అది నాలుగు స్టెమ్‌లలోనూ లేకుండా పోయిందన్నమాట.

విడి గొంతు వింటే రివర్బ్ (ప్రతిధ్వని) తోక నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది. ‘స’, ‘ష’ ధ్వనుల దగ్గర సింబల్ (డ్రమ్ సెట్ తాళం) ముక్కలు అంటుకుని ఉంటాయి. వాటిని శుభ్రం చేయడానికి గంటలు పోయకండి. స్టెమ్ ఒంటరిగా వినబడే చోట్లు తగ్గించుకోవడమే అసలు ఉపాయం. పల్లవిలో మొత్తం అసలు మిక్స్ వాడండి, అడుగు మాత్రం కోసేయండి. స్టెమ్‌లను ఇంట్రోకి, బ్రేక్‌డౌన్‌కి (డ్రమ్స్ ఆగి పలచబడే భాగానికి), కొత్త డ్రమ్స్ కింద గొంతు వేసే చోటుకీ దాచుకోండి. బ్రేక్‌డౌన్‌లో గొంతు ఒంటరిగా కావాలంటే దాని కింద 2 సెకన్ల కొత్త రివర్బ్, సన్నటి ప్యాడ్ (సాగే సింథ్ స్వరం) వేస్తే మరకలు చెవికి తగలవు.

గ్రిడ్: తక్కువ మార్కర్లు, ఎక్కువ వినడం

పాటలో డ్రమ్మర్ ఉన్నాడా, మెషీనా అన్నది మొదట తేల్చుకోండి. లిన్ ఎల్ఎం-1, రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్లు వచ్చింది 1980లో. ఆ తర్వాతి డ్యాన్స్ పాప్‌లో చాలా భాగం మెషీన్ మీదే నడిచింది. అలాంటి పాట టెంపో నిలకడగానే ఉంటుంది కానీ అంకె గుండ్రంగా ఉండదు. టేపు వేగం వల్ల 118 అనుకున్నది 118.04గానో 117.83గానో తేలుతుంది. మొదటి కిక్ మొనకు జూమ్ చేసి అక్కడ 1.1.1 (మొదటి బార్ మొదటి బీటు) పెట్టండి. చివర్లో స్పష్టంగా వినబడే కిక్ దగ్గర రెండో మార్కర్ పెట్టండి. మెట్రోనోమ్‌తో నడిమి భాగం విని సరిపోతే పని అయిపోయినట్టే.

డ్రమ్మర్ వాయించిన పాటలో చరణం 116.5, పల్లవి 119 ఉండటం మామూలే. తేడా అర బీపీఎమ్మే కదా అని వదిలేస్తే ఏమవుతుందో లెక్క చూడండి: 118, 118.5 వేగాల్లో పక్కపక్కన నడిచే రెండు ట్రాక్‌లు 32 బార్లు దాటేసరికి పావు సెకను పైన విడిపోతాయి. అంటే సగం బీటు కన్నా ఎక్కువ. ఇక్కడ ప్రతి 4 బార్లకు ఒక మార్కర్, అదీ ఒకటో బీటు కిక్ మీద పెట్టండి. మెట్రోనోమ్‌తో కలిసి జోడు దెబ్బలా వినబడే చోట మాత్రం 2 బార్లకు దించండి. ప్రతి బీటుకూ మార్కర్ పెడితే రెండు నష్టాలు. డ్రమ్మర్ తూగు చచ్చిపోతుంది, ప్రతి మార్కర్ దగ్గరా దెబ్బ మొన ముద్దగా మారుతుంది. డ్రమ్ ఫిల్స్‌లో (భాగాల మధ్య చిన్న విన్యాసాల్లో) డ్రమ్మర్లు కాస్త తొందరపడతారు. ఆ తొందరను అలాగే ఉంచి, ఫిల్ తర్వాత వచ్చే ఒకటో బీటును మాత్రం గ్రిడ్‌కు కట్టండి.

ఈ మార్కర్లు నాలుగు స్టెమ్‌లకూ, అసలు మిక్స్‌కూ ఒకేలా ఉండాలి. ఒకే పొడవున్న క్లిప్‌లన్నిటినీ కలిపి ఎంచుకుని ఒకేసారి వార్ప్ చేసే వీలు ఏబుల్టన్ లైవ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. విడివిడిగా చేస్తే స్టెమ్‌లు ఒకదాన్నుంచి ఒకటి కొన్ని మిల్లీసెకన్లు జారి, కలిపినప్పుడు బోలుగా వినిపిస్తాయి.

వేగం, శ్రుతి: ఒక అర్ధస్వరం ఉపాయం

వేగం పెంచడానికి రెండు దారులు. రీ-పిచ్ అంటే రికార్డు తిప్పుడు పెంచినట్టు, వేగంతో పాటు శ్రుతీ పెరుగుతుంది. టైమ్-స్ట్రెచ్‌లో శ్రుతి కదలదు కానీ ధ్వనిని ముక్కలు చేసి మళ్లీ అతుకుతుంది కాబట్టి కిక్, స్నేర్ మొనలు అరుగుతాయి. పూర్తి మిక్స్ మీద 3 శాతం దాటి స్ట్రెచ్ చేస్తే ఆ అరుగుదల పెద్ద స్పీకర్లలో తెలిసిపోతుంది.

ఒక సెమీటోన్ (అర్ధస్వరం) అంటే వేగంలో 5.95 శాతం. 118ని అంత పెంచితే 125.02. అంటే మన ఉదాహరణ పాటను రీ-పిచ్‌తోనే 125కి తేవచ్చు. శ్రుతి ఏ మైనర్ నుంచి సరిగ్గా బీ ఫ్లాట్ మైనర్‌కి చేరుతుంది, డీజేలు శ్రుతులను అంకెలతో గుర్తించే క్యామెలాట్ చక్రంలో 8ఏ నుంచి 3ఏకి. స్ట్రెచ్ మరక ఒక్కటీ ఉండదు. అదే పాటను 124కి తెస్తే శ్రుతి 86 సెంట్లు (సెంట్ అంటే సెమీటోన్‌లో నూరో వంతు) పెరిగి రెండు స్వరాల మధ్య వేలాడుతుంది. పక్క ట్రాక్ బేస్‌తో కలిపితే అపశ్రుతి. గమ్యం అంకెను ముందే గట్టిగా పట్టుకోకుండా, దగ్గర్లోని సెమీటోన్ ఎక్కడ పడుతుందో చూసి నిర్ణయించుకోవడం మేలు.

పాత మాస్టర్లు చాలాసార్లు 440 హెర్ట్జ్ ప్రామాణిక శ్రుతిలో ఉండవు. సాగదీసిన స్వరం ఒకటి పట్టుకుని ట్యూనర్‌లో చూడండి. పాట ఇప్పటికే 30 సెంట్లు పైనుంటే, 70 సెంట్లు మాత్రమే రీ-పిచ్ చేయండి. వేగం 122.87కి వస్తుంది. మిగిలిన 1.7 శాతాన్ని స్ట్రెచ్‌తో పూర్తి చేయండి. ఆ కాస్త ఎవరికీ వినబడదు.

రీ-పిచ్ వాడేటప్పుడు జాగ్రత్త ఒకటి ఉంది. టెంపో ఊగే పాటలో మార్కర్లు పెట్టి నేరుగా రీ-పిచ్ మోడ్‌లోకి మారిస్తే, టెంపో ఊగినంతా శ్రుతి ఊగుతుంది. 1 శాతం తేడాకు 17 సెంట్లు. అందుకే ముందు 118 దగ్గర స్ట్రెచ్‌తో గ్రిడ్‌ను నిటారు చేసి రెండర్ చేయండి, తర్వాత ఆ కొత్త ఫైలును రీ-పిచ్ చేయండి.

రెండు సెమీటోన్లు దాటితే గొంతు పిల్లగొంతులా మారుతుంది. 110 పాటను 125కి తేవాలంటే రీ-పిచ్ 2.2 సెమీటోన్లు అవుతుంది. అక్కడ వాయిద్యాలను 2 సెమీటోన్లు రీ-పిచ్ చేసి, గొంతు స్టెమ్‌ను ఫార్మంట్ (గొంతు సహజ రంగు) పట్టి ఉంచే మోడ్‌లో అదే శ్రుతికి చేర్చండి. 105 కన్నా నెమ్మదైన పాటను 125కి లాగడం దండగ. దాన్ని నెమ్మది సెట్ కోసం ఉన్న వేగంలోనే ఎడిట్ చేసుకోవడం నయం.

కిక్, బేస్

పాత మిక్స్‌లలో కిక్ బలం ఎక్కువగా 70 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. నేటి క్లబ్ కిక్ 45 నుంచి 60 మధ్య కూర్చుంటుంది. ఈక్యూతో 50 హెర్ట్జ్ పెంచితే లేని బలం రాదు, ఉన్న రొద పెరుగుతుంది. కాబట్టి అసలు మిక్స్‌ను 110 హెర్ట్జ్ దగ్గర ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమయ్యే ప్రతిసారీ) 24 డెసిబెల్ హై-పాస్‌తో కోసి, కింద కొత్త కిక్, కొత్త సబ్ (అన్నిటికన్నా అడుగు బేస్) కట్టండి. పాత బేస్ గిటార్ తీగ చప్పుడు, సింథ్ బేస్ గరగర పైభాగంలో అలాగే మిగులుతాయి. పాటను గుర్తుపట్టించేది అదే.

కిక్‌ను పాట శ్రుతికి కట్టండి. బీ ఫ్లాట్ మైనర్‌కి ఆధార స్వరం 58.3 హెర్ట్జ్, కింది పంచమం ఎఫ్ 43.7 హెర్ట్జ్. మొదటిదే ఎంచుకోండి, చిన్న స్పీకర్లలోనూ వినబడుతుంది. 125 దగ్గర బీటు 480 మిల్లీసెకన్లు. కిక్ పొడవు 200 నుంచి 250 మిల్లీసెకన్లు దాటితే బేస్‌కు చోటుండదు.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతినేది: అడుగు కోసినా పాత కిక్ ‘టక్’ మొన 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర మిగిలే ఉంటుంది. కొత్త కిక్ దానికి 2, 3 మిల్లీసెకన్ల లోపు కలిస్తే రెండూ ఒకటే దెబ్బగా బలపడతాయి. 20 దాటితే జోడు దెబ్బ. మధ్యలో ఉంటే ఇంకా చెడ్డది, ఎందుకంటే అడుగున కోయకుండా మిగిలిన పాత బలం కొత్తదాన్ని తినేస్తుంది. 50 హెర్ట్జ్ తరంగం ఒక చుట్టు 20 మిల్లీసెకన్లు కాబట్టి 10 మిల్లీసెకన్ల జరుగుడుకు రెండు కిక్‌లు ఎదురెదురై రద్దవుతాయి. తెరమీద రెండు అలలూ పక్కపక్కన పెట్టి మొదటి ఉబ్బు ఒకే దిక్కున ఉందో లేదో చూడండి. పొలారిటీ తిప్పి విని, ఏది నిండుగా ఉంటే అది ఉంచండి.

పాత పాటలో కిక్ ప్రతి బీటుకూ కాకుండా 1, 3 మీద, లేదా ఎదురు తాళంలో పడితే ఈ పద్ధతి పనిచేయదు. పాత కిక్ దయ్యంలా మధ్యమధ్య తలెత్తుతుంది. అప్పుడు డ్రమ్స్ స్టెమ్ పక్కన పెట్టి, మిగతా మూడు స్టెమ్‌ల మీద కొత్త డ్రమ్స్ కట్టండి. పాత స్నేర్‌ను మాత్రం డ్రమ్స్ స్టెమ్‌లోంచి ఒక శుభ్రమైన దెబ్బ కోసి, 2, 4 బీట్ల మీద మళ్లీ అతికించండి. 1980ల గేటెడ్ రివర్బ్ (ప్రతిధ్వనిని చటుక్కున కోసే) స్నేర్‌ను పాతబడిందని తీసేసేవారున్నారు. తీసేస్తే పాటే పోతుంది. తోక మరీ పొడవైతే ట్రాన్సియెంట్ షేపర్‌తో (దెబ్బ మొననూ సాగింపునూ మార్చే సాధనంతో) సస్టైన్ (సాగింపు) కాస్త తగ్గించి, పక్కన పొట్టి చప్పట్ల శాంపిల్ ఒకటి చేర్చండి, చాలు.

సబ్ కోసం పాత బేస్‌లైన్‌నే స్వరం తర్వాత స్వరం రాసుకుని సైన్ వేవ్‌తో (శుద్ధ స్వరపు అలతో) వాయించండి. సైన్ 45 నుంచి 90 హెర్ట్జ్ మధ్య తిరగాలి. ఏ స్వరమైనా అంతకన్నా దిగితే ఆ ఒక్కదాన్నీ ఒక ఆక్టేవ్ పైకి ఎత్తండి. 120 హెర్ట్జ్ కింద అంతా మోనో (ఎడమ, కుడి ఒకటే). సైడ్‌చెయిన్‌కి (కిక్ పడినప్పుడల్లా మిగతాది తగ్గించడానికి) కిక్ ట్రిగ్గర్, 1 మిల్లీసెకన్ అటాక్ (తగ్గే సమయం), 150 రిలీజ్ (తిరిగి లేచే సమయం). సబ్ 8 నుంచి 10 డెసిబెల్, పాత మిక్స్ 2 నుంచి 3 డెసిబెల్ తగ్గితే సరి. పాత మిక్స్‌ను సబ్‌లాగే లోతుగా ముంచితే గొంతు ప్రతి బీటుకూ ఎక్కిళ్లు పెడుతుంది.

హై-హాట్‌లు గ్రిడ్ మీద నిటారుగా పెట్టకుండా పాత డ్రమ్స్ స్టెమ్ నుంచి గ్రూవ్ (దెబ్బల తూగు) తీసి వాటికి వేయండి. 54 శాతం స్వింగ్ (తూగు కోసం చేసే జాప్యం) అంటే 125 దగ్గర బార్‌లో పదహారో వంతు దెబ్బల ప్రతి జతలో రెండోది సుమారు 10 మిల్లీసెకన్లు ఆలస్యం. ఆ కాస్తలోనే పాట తూగు ఉంది.

కూర్పు

మొదట పాత పాట బార్లు లెక్కపెట్టి కాగితం మీద రాయండి. రేడియో పాటల్లో పల్లవికి ముందు 6 బార్లు, చరణం చివర అదనంగా 2 బార్లు, ఎక్కడో ఒక 2/4 బార్ (రెండు బీట్లదే) దొరుకుతాయి. డీజే 8 బార్ల లెక్కలో ఆలోచిస్తాడు. 6ను 8 చేయడానికి చివరి 2 బార్ల వాయిద్యాన్ని మళ్లీ వేయడం, గొంతును కదపకపోవడం అన్నిటికన్నా సులువు. 2/4 బార్‌ను వీలైతే తీసేయండి. గొంతు దానిమీదుగా పోతుంటే మరో 2 బీట్లు చేర్చి పూర్తి బార్ చేయండి.

125 దగ్గర ఒక బార్ 1.92 సెకన్లు. పనికొచ్చే పొందిక ఇది: ఇంట్రో 32, చరణం 16, పల్లవికి ఎక్కించే భాగం 8, పల్లవి 16, డ్రమ్స్-బేస్ నడక 16, బ్రేక్‌డౌన్ 16, పల్లవి 16, అవుట్రో 32. మొత్తం 152 బార్లు, 4 నిమిషాల 52 సెకన్లు. రెండో చరణం పోయిందని బాధపడనక్కర్లేదు. సెట్‌లో దాన్ని చాలామంది డీజేలు ఎలాగూ దాటేస్తారు.

ఇంట్రో మొదటి 16 బార్లలో బేస్ పెట్టకండి. అప్పటికి ముందు ట్రాక్ బేస్ ఇంకా మోగుతూ ఉంటుంది. కిక్, హాట్, పర్కషన్ చాలు. 17వ బార్ నుంచి చప్పట్లు, సబ్. చివరి 4 బార్లలో సింథ్ పలుకును లో-పాస్ ఫిల్టర్ (పై ధ్వనులు కోసేది) వెనకనుంచి కొద్దిగా చూపించండి. ప్రతి 8 బార్లకూ ఒక చిన్న గుర్తు, అంటే ఒక సింబల్ గానీ, చివరి బీటుకు హాట్ ఆగడం గానీ ఉంటే హెడ్‌ఫోన్‌లో వినేవారికి లెక్క తప్పదు. అవుట్రో దీనికి తిరగబడినట్టు ఉండాలి, చివరి 16లో బేస్ లేకుండా.

గొంతు తరచూ ఒకటో బీటుకన్నా ముందే అందుకుంటుంది. బార్ గీత మీద కోస్తే మొదటి అక్షరం తెగిపోతుంది. గొంతు క్లిప్‌ను ఒకటి రెండు బీట్ల ముందునుంచి తీసుకుని, వాయిద్యాలను గీత దగ్గర కోయండి. ప్రతి అతుకుకూ 5 నుంచి 10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగా ఇంకోటి పెరగడం) పెట్టండి. రెండు భాగాల మధ్య ఏదైనా తీసేసినప్పుడు వెనకటి రివర్బ్ తోక హఠాత్తుగా ఆగుతుంది. ఆ తోకను వేరే ట్రాక్‌లోకి కోసి అతుకు మీదుగా పరవండి.

చివరి పల్లవి ఒక సెమీటోన్ పైకి ఎగరడం ఆ కాలపు అలవాటు. ఎగిరితే ఫైలు మీద రాసిన కీ (శ్రుతి) అబద్ధమవుతుంది, తర్వాతి ట్రాక్ అపశ్రుతిలో పడుతుంది. మొదటి పల్లవినే మళ్లీ వాడటం ఒక దారి. జనం ఆ ఎగురుడు కోసమే ఎదురుచూసే పాట అయితే ఉంచేసి, అవుట్రోలో స్వరమేదీ లేకుండా డ్రమ్స్ మాత్రమే నడపండి. ఫేడవుట్ సంగతికి వస్తే, తగ్గడం మొదలయ్యే ముందున్న చివరి పూర్తి పల్లవిని లూప్ చేయడమే మేలు. తగ్గిన భాగాన్ని గెయిన్‌తో పైకి లాగితే టేపు బుస కూడా పైకొస్తుంది.

మిక్స్, మాస్టర్

అసలు మిక్స్ ఇప్పటికే ఒక నిపుణుడి చేతిలో పూర్తయింది. దాని మీద పెద్ద ఈక్యూ మార్పులు వద్దు. 10 కిలోహెర్ట్జ్ పైన 1 నుంచి 2 డెసిబెల్ షెల్ఫ్ (అక్కడి నుంచి పైదంతా కొద్దిగా పెంచడం), 300 హెర్ట్జ్ దగ్గర కొత్త వాయిద్యాలతో ఇరుకైతే 1 డెసిబెల్ కోత. కొత్త హాట్‌లు పాత రికార్డింగ్ కన్నా పదునుగా ఉంటే రెండు పాటలు ఒకేసారి మోగినట్టుంటుంది. హాట్‌లనే కాస్త మొద్దు చేయండి, 12 కిలోహెర్ట్జ్ దగ్గర లో-పాస్ చాలు.

మాస్టర్ బస్‌లో (అన్నీ కలిసే చివరి ట్రాక్‌లో) లిమిటర్‌కు ముందు 6 డెసిబెల్ ఖాళీ ఉంచండి. నేటి క్లబ్ ట్రాక్‌లు పల్లవి దగ్గర సుమారు మైనస్ 7 నుంచి మైనస్ 9 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే గట్టిదనపు కొలత) ఉంటాయి. పాత పాటతో మైనస్ 9 దగ్గర ఆగండి. మిగతాది డీజే గెయిన్ నాబ్ చూసుకుంటుంది. ట్రూ పీక్ (అల అసలు శిఖరం) మైనస్ 1 డెసిబెల్. పోలిక కోసం పెట్టుకున్న ట్రాక్‌ను మీ ఎడిట్‌తో సమానమైన వాల్యూమ్‌కు తగ్గించాకే వినండి. గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది.

హక్కులు

పాటకు రెండు హక్కులుంటాయి: రచన, స్వరకల్పనది ఒకటి, ఆ రికార్డింగ్‌ది మరొకటి. విడుదల చేయాలన్నా, అమ్మాలన్నా రెండు హక్కుదారుల అనుమతీ కావాలి. గొంతు, వాయిద్యాలు మళ్లీ పాడించి రికార్డు చేయిస్తే రికార్డింగ్ హక్కు అవసరం తప్పుతుంది, రచన హక్కు తప్పదు. స్టెమ్ విడదీసి వాడితే అది కొత్త రికార్డింగ్ అయిపోదు. ఆటోమేటిక్ గుర్తింపు వ్యవస్థలు పట్టేస్తాయి కూడా.

ఎక్స్‌పోర్ట్, పరీక్ష

44.1 కిలోహెర్ట్జ్, 16 లేదా 24 బిట్ ఏఐఎఫ్ఎఫ్ ఫైలు ఇవ్వండి. వేవ్ కన్నా ఇందులో ట్యాగ్‌లు (పాట పేరు, కీ లాంటి వివరాలు) నమ్మకంగా నిలుస్తాయి. 32 బిట్ ఫ్లోట్ ఫైలును చాలా క్లబ్ ప్లేయర్లు చదవవు. ఎంపీ3 వద్దనడానికి నాణ్యత ఒక్కటే కారణం కాదు. ఎన్‌కోడర్, డీకోడర్ కలిసి ఫైలు మొదట్లో సుమారు 25 మిల్లీసెకన్లో అంతకన్నా ఎక్కువో నిశ్శబ్దం చేర్చగలవు, దాంతో మీరు కట్టిన గ్రిడ్ జరుగుతుంది.

తర్వాత డీజే సాఫ్ట్‌వేర్‌లో మూడు పరీక్షలు చేయండి. నిలకడైన 125 ట్రాక్‌తో సింక్ చేసి రెండు కిక్‌లనూ చివరిదాకా కలిపి నడపండి. ఎక్కడైనా బోలుగా అయితే ఆ నాలుగు బార్ల మార్కర్ తప్పు. మోనోలో వినండి. పాత మిక్స్‌లోని కోరస్ ఎఫెక్ట్ సింథ్‌లు మోనోలో సన్నబడతాయి. మరీ మాయమైతే మిక్స్ సైడ్ భాగాన్ని (ఎడమ, కుడి మధ్య తేడాను) 2 డెసిబెల్ తగ్గించి, ఆ సింథ్ స్వరాన్నే మోనోలో పల్చగా ఒకసారి వాయించి చేర్చండి. కీ లాక్ (శ్రుతి కదలకుండా వేగం మార్చేది) వేసి వేగాన్ని 4 శాతం పైకీ కిందికీ జరపండి. మీ స్ట్రెచ్ మీద ప్లేయర్ స్ట్రెచ్ కలిసి గొంతు చిరుగుతుందా లేదా ఇక్కడే తెలుస్తుంది.

అంతా సరిపోయాక బీపీఎంను సాఫ్ట్‌వేర్ ఊహకు వదలకుండా 125.00 అని చేత్తో టైప్ చేసి, మొదటి కిక్ మీద గ్రిడ్ పెట్టి లాక్ చేయండి. కీ దగ్గర 3ఏ రాయండి. ఫైలు పేరులో ఎడిట్ అన్న మాట చేర్చకపోతే, సెట్ మధ్యలో మసక వెలుతురులో అసలు పాటే లోడ్ అవుతుంది.